చివరి కాగితం ముందు చదవకు

బిష్కెక్
అక్టోబరు, ఆదివారం రాత్రి

ఏమే వరలక్ష్మీ,

ఆ చివరి కాగితం తిప్పకు. నువ్వు ముందు అదే చూస్తావని నాకు తెలీదా? యద్దనపూడి నవలైనా సరే, చివరి పేజీ చదివి పెళ్లయిందని రూఢి చేసుకున్నాకే మొదటి పేజీకి వచ్చే మనిషివి. ఈ ఉత్తరం చివర పెళ్లి లేదు. ఒక నేరం ఉంది. చేసింది నేనే. వరసగా చదువుకుంటూ వస్తే ఆ పాటికి నీ మనసు కాస్త మెత్తబడుతుందన్న ఆశతో అక్కడ దాచాను. బుద్ధిగా ఇటు రా.

"ఈ రోజుల్లో ఉత్తరమేమిటే, రెండు ఫొటోలు పెడితే పోయేదిగా" అంటావు. పెట్టబోయాను. ఈరోజు చూసినవాటివి పద్నాలుగు ఫొటోలు తీశాను. పద్నాలుగింటిలోనూ ఎవరో తడి దుప్పటి గోడకి ఆరేసినట్టుంది. పోనీ మాట్లాడదామా అంటే, నీకు ఫోన్ చేస్తే నీకంటే ముందు నీ మనవడు ఎత్తుతాడు. వాడి నుదురు తప్ప నాకు డల్లాస్‌లో ఏమీ కనపడదు. అదీగాక ఈ సంగతి నీ మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే కాగితం.

ముందు మా అమ్మాయి చిన్ని కబురు. బాగానే ఉంది. చిక్కావే అంటే ఒప్పుకోదు, ఇక్కడ తూకం యంత్రాలన్నీ తనవైపే ఉన్నాయట. ఆవకాయ సీసాకి నువ్వు చెప్పినట్టే మూడు కవర్లు చుట్టాను, నువ్వు చెప్పినట్టే కారింది, నా నీలం చీర మీద. ఢిల్లీ నుంచి మూడున్నర గంటల ప్రయాణంలో చీర ఎంత నూనె పీల్చగలదో పీల్చింది. ఊళ్లో మన పిల్లలు ఎంతమందో! అంతా చిన్నిలాగే డాక్టరు చదువులకి వచ్చినవాళ్లే. మంచుకొండల దేశం కదా అని రోడ్డు మీద గంభీరంగా నడుస్తుంటే వెనకనుంచి "ఒరేయ్, జెరాక్స్ నా దగ్గరే ఉందిరా" అని వినపడుతుంది. కొండలు కూడా ఎక్కడో కాదు, మన వీధి చివర సెల్ టవర్ కనపడినట్టు వీధి చివరే కనపడతాయి. రెండు రోజులు నోరు తెరుచుకుని చూశాను. మూడోరోజు నుంచి నేనూ తలదించుకుని కూరగాయలకి పోతున్నాను.

అన్నట్టు, నా చేత బలవంతాన చదివించిన 'జమీల్యా' గుర్తుందా? విశాలాంధ్రలో కొన్నది, అట్ట ఊడిపోయినది. అది రాసిన ఐత్మాతవ్ దేశమే ఇది. సగం చదివి తిరిగిచ్చానని నీకు ఇప్పటికీ కోపం. మా ఇంటి ఓనరమ్మకి నా తెలుగు రాదు, ఆవిడ రష్యన్ నాకు రాదు. ఏం మాట్లాడాలో తెలీక "ఐత్మాతవ్" అన్నాను. అంతే, టీ, రొట్టె, జామ్ వచ్చేశాయి. మిగతా సగం కూడా చదివుంటే భోజనం పెట్టేదేమో.

సరే, అసలు సంగతి. ఈరోజు ఆదివారం కదా, ఎక్కడికైనా తీసుకెళ్లవే అని చిన్నితో అన్నాను. బజారుకి తీసుకెళ్తుంది, ఎండు ఆప్రికాట్లు బేరమాడదామని నా ప్లాను. అది నన్ను ఫెల్ట్ ప్రదర్శనకి తీసుకెళ్లింది. ఫెల్టంటే తెలుసుగా, నేయకుండా, అల్లకుండా, ఉత్త ఊలుని నీళ్లతో తొక్కి తొక్కి బట్ట చేస్తారే, అది. మన హైదరాబాదులో పాతవాళ్లు నమ్దా అనేవాళ్లు. "గొంగడి చూపించడానికి ఇంతదూరం రప్పించావా" అన్నాను. "అమ్మా, గొంగడి వేరు, ఇది వేరు, నువ్వు సైన్సు టీచరువి" అంది. నోరు మూసుకున్నాను.

నువ్వూ అదే అనబోతున్నావు కదా, "గొంగళే కదే" అని? ముందు నీ 'ళ' సంగతి తేల్చుకుందాం. ముప్ఫై ఏళ్లు స్టాఫ్ రూములో పోట్లాడినా నీది గోదావరి గొంగళే, నాది పాలమూరు గొంగడే. మా నాన్నమ్మ మంచం మీద ఉండేది, నల్లది, వానలో తడిస్తే గొర్రె వాసన కొట్టేది. దాన్ని కురుమలు నేస్తారు. ఆడవాళ్లు దక్కనీ గొర్రె ఊలు వడికితే, మగవాళ్లు చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేస్తారు. అంటే దారం ఉంది, పడుగూ పేకా ఉన్నాయి. ఫెల్టుకి అవేవీ లేవు. నీలాంటి వాళ్లకి తెలుగు మాట కావాలి కాబట్టి దారిలో ఆలోచించాను. నువ్వయితే 'ఘనోర్ణము' అంటావు. వద్దు తల్లీ, ఫెల్టనే ఉండనీ.

దారం లేకుండా బట్ట ఎలా నిలుస్తుందంటావా? ఇది నా పీరియడ్, నిద్రపోకు. పొలం గట్టు మీద నడుస్తుంటే కుచ్చిళ్లలో గడ్డిముల్లు దూరుతుంది చూడు. నువ్వు కదిలినకొద్దీ అది పైకే పాకుతుంది, వెనక్కి రాదు. గొర్రె వెంట్రుక మీద కూడా అలాగే ఒకే వైపుకి తిరిగిన పొలుసులుంటాయి, కంటికి కనపడవు. వేడినీళ్లు, సబ్బు తగిలితే అవి కాస్త లేస్తాయి. పైనుంచి రుద్దడమో తొక్కడమో చేస్తే ప్రతి వెంట్రుకా తన కుదురు వైపే జరుగుతూ పక్కదానిలోకి దూరిపోతుంది. దూరిందంటే ఇక రాదు. స్వెటర్ని విప్పి మళ్లీ ఉండ చుట్టుకోవచ్చు. నేను ఎన్ని విప్పానో నీకు తెలుసు, పూర్తి చేసినవి ఎన్నో కూడా తెలుసు, ఆ లెక్క ఇప్పుడెందుకు. ఫెల్టుని మాత్రం విప్పలేవు. పరిచినప్పటికంటే మూడోవంతు దాకా కుంచించుకుపోయి బిగుసుకుంటుంది.

కుంచించుకుపోవడం అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకో.

ముందు గాపర్ ఐతియెవ్ పేరు మీదున్న లలితకళల మ్యూజియంకి వెళ్లాం, పాతవి చూడనిదే కొత్తవి అర్థం కావని చిన్ని తీర్మానం. అక్కడ గోడల నిండా షిర్దాక్‌లు. కిర్గిజ్ వాళ్ల తివాచీలు ప్రధానంగా రెండు రకాలు. అలా-కియిజ్ అంటే రంగుల ఊలుని తడపకముందే ముగ్గులాగా పరిచి, దాన్నే తొక్కి బట్ట చేసేది. దాని అంచులు మసకమసకగా, వానలో తడిసిన ముగ్గులా ఉంటాయి. షిర్దాక్ అలా కాదు. రెండు రంగుల ఫెల్టు, ఎరుపొకటి నలుపొకటి అనుకో, ఒకదానిమీద ఒకటి వేస్తారు. సుద్దతో ముగ్గు గీసి వాడి కత్తితో రెండింటినీ కలిపి కోస్తారు. ఎరుపులోంచి ఊడిన పువ్వు నలుపు కన్నంలో, నలుపులోంచి ఊడింది ఎరుపు కన్నంలో సరిగ్గా కూర్చుంటాయి. కుట్టు మీద పేనిన ఊలుతాడు పెట్టి, అడుగున ఇంకో మందపాటి ఫెల్టు వేసి, మొత్తం దట్టంగా కుడతారు. ఒక్క కోతకి రెండు తివాచీలు! చెత్తలోకి పోయేది లేదు. నువ్వు బ్లౌజు ముక్క కత్తిరించగా మిగిలిన పేలికల్ని సంచుల్లో ఇరవయ్యేళ్లు దాచే మనిషివి, నీకు కళ్లనీళ్లు వచ్చేవి. వాటి మీద ఎక్కువగా కనపడేది పొట్టేలు కొమ్ము, కోచ్‌కోర్ ముయుజ్ అంటారు. ఎవరి గొర్రె వాళ్లకి ముద్దు.

జంటలో ఒకటి ఇక్కడుంటే ఇంకోటి ఎక్కడుందో అనిపించింది. ఇప్పుడు నేను "నువ్వక్కడ, నేనిక్కడ" అని మొదలెడతానని చూస్తున్నావు కదూ? మొదలెట్టను. అలాంటివి నీ సబ్జెక్టు. నేను చెప్పదలచుకున్నది కోసిన అంచు గురించి. నేసిన బట్టని కోస్తే దారాలు ఊడతాయి, మడిచి కుట్టాలి. ఫెల్టుకి ఊడేందుకు దారమే లేదు. అంచు కుట్టకుండా వదిలేసినా ఏళ్లకేళ్లు అలాగే ఉంటుంది. ఇదీ గుర్తుపెట్టుకో. రెండయ్యాయి.

2012లో యునెస్కో వాళ్లు ఈ రెండు తివాచీల విద్యనీ తమ జాబితాలో చేర్చారు, అయితే గొప్పవాటి జాబితాలో కాదు, తక్షణం కాపాడాల్సిన వాటి జాబితాలో. చిన్ని భాషలో చెప్పాలంటే ఐసీయూ వార్డన్నమాట. ముసలివాళ్లకి వచ్చు, పిల్లలకి తీరిక లేదు. పైగా సోవియట్ రోజుల్లో గొర్రెల్నే మార్చేశారు. ముతక ఊలు గొర్రెని మెరీనోతో దాటించి, మిల్లులకి పనికొచ్చే సన్న ఊలు జాతి తయారుచేశారు. మన దగ్గర మాంసం కోసం ఊలు లేని ఎర్ర గొర్రెలు వచ్చి దక్కనీ నల్లగొర్రెని పక్కకి నెట్టలేదూ, అలాంటిదే ఇదీ. గొంగడి నేసేవాడికి ఊలు లేకుండా పోయింది. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉందని నువ్వు నన్ను దెప్పేదానివి. ఇప్పుడు ఎక్కడ వెయ్యడానికైనా గొంగడి దొరికితే కదా.

కొత్తవి రెండు వీధుల అవతల ఒక పాత భవనంలో పెట్టారు. మెట్లెక్కుతుంటేనే గొర్రె వాసన. ఒక్క క్షణం నాన్నమ్మ మంచం దగ్గరున్నాను.

నా అభిప్రాయం అడగకుండానే చెబుతాను. మొదటి గది వృథా. ఫెల్టుతో కొండలు, ఫెల్టుతో గుర్రాలు, ఫెల్టుతో సూర్యాస్తమయం. కిరాణా కొట్టు క్యాలెండర్లో చూడని దృశ్యం ఒక్కటీ లేదు. రంగుతో తేలిగ్గా అయ్యే పనిని ఊలుతో కష్టపడి చేయడమెందుకో నాకు అర్థం కాదు. "కష్టపడ్డారు కదే పాపం" అంటావు నువ్వు, పదో తరగతి పేపర్లు దిద్దేటప్పుడు కూడా అలాగే మార్కులేసేదానివి. రెండో గదిలో పల్చటి పట్టు మీద ఊలు వేసి తొక్కిన ఉత్తరీయాలున్నాయి. ఊలు పట్టు గుండా అవతలికి దూరి, కుంచించుకుపోతూ పట్టుని కూడా ముడతలు పెట్టేస్తుంది. నూనో అంటారట, 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలో పుట్టిన పద్ధతి, పేరు మాత్రం జపానుది. గాలికి కదులుతుంటే చేప మొప్పల్లా ఉన్నాయి. ధర చూశాను. ముందుకు నడిచాను.

మూడో గదిలో ఆగిపోయాను.

గది మధ్యలో కొక్కేనికి ఒక కోటు. సోవియట్ సైనికులు తొడిగేవాళ్లే, ముతక బూడిదరంగు ఊలు కోటు. కానీ ఐదేళ్ల పిల్లాడికి పట్టేంత ఉంది. ఇత్తడి గుండీలు మాత్రం పెద్దవాళ్ల కోటువి, అంతంత. పక్కనే గోడ మీద ఒక ఫొటో, ఎవరో తాత, ఆ కోటులోనే, భుజాలు విశాలంగా. బొమ్మకోటు కుట్టారేమో అనుకున్నాను. చిన్ని పక్కన రాసింది చదివి చెప్పింది. అదే కోటట. దాన్ని ఉడుకునీళ్లలో పెట్టి, సబ్బు వేసి, రోజుల తరబడి తొక్కితే అంతయిందట. నేసిన బట్టే, కానీ నేత కనపడటం లేదు, దారాలన్నీ ఒకదాంట్లో ఒకటి దూరి మందంగా అట్ట కట్టాయి. గుండీలు కుంచించుకుపోవు కాబట్టి కాజాలకి పట్టక ముందుకు పొడుచుకొచ్చాయి. జేబు మీద ఏదో బ్యాడ్జి గుచ్చిన చోటు కాబోలు, రెండు చిన్న బొక్కలు పూడిపోయి మచ్చల్లా మిగిలాయి. చేతులు కాస్త ముందుకి వంగి ఉన్నాయి. ఎత్తుకోమన్నట్టు.

నాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి, వరా. కళ చూసి కాదు. అది నేను ఇదివరకే చేశాను. చెప్పానుగా, చివర్లో చెబుతాను.

చిన్ని నన్ను చూసి, "కళంటే ఇదేనా అని కదా నీ డౌటు" అంది. కాదు తల్లీ, నా డౌటు వేరు. కానీ అది అప్పటికే ఫోను తీసి జర్మన్ ఆయనొకడి గురించి చెప్పడం మొదలెట్టింది. యోసెఫ్ బోయ్స్ అని, ఫెల్టుని పెద్ద మ్యూజియాల్లోకి తీసుకెళ్లిన మనిషి. 1966లో గ్రాండ్ పియానోకి మొత్తం బూడిదరంగు ఫెల్టు తొడుగు కుట్టి మీద ఎర్ర శిలువ అంటించాడు. ఇది నాకు నచ్చింది. ఎందుకంటే పియానో లోపల తీగల్ని కొట్టే సుత్తుల మీద ఉండేదీ ఫెల్టే. లోపలుంటే పలికిస్తుంది, పైన కప్పితే నోరు నొక్కేస్తుంది. అదే వస్తువు. 1970లో ఆయన ఫెల్టుతో సూటు కూడా కుట్టించాడు, వంద ప్రతులు. ఫెల్టే ఎందుకయ్యా అంటే, యుద్ధంలో విమానం కూలిపోతే క్రిమియా తాతార్లు తనకి కొవ్వు పూసి, ఫెల్టులో చుట్టి బతికించారని చెప్పేవాడట. ఆ కూలడం నిజమే, 1944లో. కానీ రికార్డుల ప్రకారం ఆయన్ని వెతికి పట్టుకుంది జర్మన్ సైనికులే, చేర్చింది మిలటరీ ఆసుపత్రిలోనే. "అబద్ధమాడాడా?" అన్నాను. "అబద్ధమని కాదమ్మా, కథ" అంది. తేడా ఏమిటో నాకు బోధపడలేదుగానీ, ఈరోజు ఆ తేడా నాకు చాలా అవసరం. అన్నట్టు, లండన్ టేట్ వాళ్లు కొనుక్కున్న సూటుని చిమ్మెటలు తినేశాయట. అంత పెద్ద మ్యూజియం కూడా ఊలుబట్టని కాపాడలేకపోయిందంటే మామూలు ఇల్లాలినెంతని తప్పుపడతావు? ఊరికే అడుగుతున్నాను.

ఫెల్టన్నాక ఎప్పటికైనా చిమ్మెటకి బలి కావలసిందే అనుకోకు. ఆల్తాయ్ కొండల్లో పజిరిక్ సమాధుల్లో దొరికిన ఫెల్టు హంసలు సుమారు రెండువేల మూడొందల ఏళ్ల నాటివి. లోపల కూరి కుట్టిన హంసలు, ఇప్పుడు హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. ఎలా మిగిలాయో తెలుసా? దొంగల పుణ్యమాని. పూర్వమెప్పుడో దొంగలు సమాధికి కన్నం వేసి బంగారం పట్టుకుపోయారు. ఆ కన్నంలోంచి నీళ్లు దిగి గడ్డకట్టాయి. ఆ మంచే వాటిని కుళ్లకుండా ఆపింది. తప్పు చేసినవాళ్ల వల్ల కూడా కొన్ని వస్తువులు నిలబడతాయి. ఇది నేను కావాలనే ఇక్కడ రాస్తున్నానని నీకు తెలిసిపోతోంది కదూ.

ఆ గదిలోనే జరిగింది ఇంకోటి. చీరలకొట్లో నా సంగతి నీకు తెలుసు. కొన్నా కొనకపోయినా కొంగు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపితేగానీ నాకు బట్ట కనపడదు. నాలుగో గదికి వెళ్లే గుమ్మంలో పైనుంచి కిందదాకా ఒక తెల్ల ఫెల్టు వేలాడుతోంది, రంగు లేదు, ముగ్గు లేదు, వట్టి ఊలు. ఒకచోట అరచెయ్యంత మందం, ఒకచోట వెలుగు కనపడేంత పల్చన. మొత్తం ప్రదర్శనలో నాకు బాగా నచ్చింది అదే. ఊలు తనంతట తాను ఎంతదాకా పోయిందో అంతదాకా పోనిచ్చి వదిలేశారు. చిన్ని "అమ్మా, వద్దు" అంటూనే ఉంది. నా వేళ్లు వెళ్లిపోయాయి. మూలనుంచి కాపలా ఆవిడ లేచింది. తలకి రుమాలు, డెబ్బయ్యేళ్లుంటాయి. రష్యన్‌లో తిట్టిన తిట్లు నాకు అక్షరం అర్థం కాలేదుగానీ, అంతా మన హెడ్మాస్టరమ్మ స్వరమే. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, యాభై ఆరేళ్లదాన్ని. తిట్టడం అయిపోయాక ఆవిడ నా వైపు ఒకడుగు వేసి, నా గద్వాల చీర కొంగు పట్టుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. తిరగేసి వెనకవైపు చూసింది. జరీ దగ్గర గోటితో గీకింది కూడా. తల ఊపింది. మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"ఆవిడది మాత్రం టచ్ చెయ్యడం కాదా" అని చిన్ని ఇప్పటికీ వాదిస్తోంది. ముట్టుకోవద్దన్న బోర్డు నా మీద లేదుకదే!

కింద పెరట్లో ఫెల్టు చేసి చూపిస్తున్నారు, ఇష్టమైనవాళ్లు చెయ్యి వేయొచ్చు. నాలాంటివాళ్ల కోసమే కాబోలు. చీ అనే పొడవాటి గడ్డికాడల చాప పరిచి, కర్రలతో కొట్టి విప్పిన ఊలు దాని మీద పొరలు పొరలుగా వేశారు, మన దూదేకులవాళ్లు ఏకినట్టే ఉంది మేఘంలా. మరిగే నీళ్లు చల్లి, చాపతో సహా చుట్టచుట్టి, తాడు కట్టి, నలుగురాడవాళ్లు దాన్ని కాళ్లతో తన్నుతూ దొర్లించారు. ఒకావిడ లాగుతుంటే మిగతావాళ్లు తన్నడం. తన్నుతూనే కబుర్లు. భాష రాకపోయినా చెప్పగలను, అందులో సగం అత్తగార్ల గురించే. నేనూ చెప్పులు విప్పి పావుగంట తన్నాను. తర్వాత చుట్ట విప్పి, మోకాళ్ల మీద కూర్చుని మోచేతులతో రుద్ది రుద్ది దొర్లించాలి. అక్కడ నా మోకాళ్లు మొరాయించాయి. ఇంకా గంట పడుతుందన్నారు. "పూర్తయ్యేదాకా ఉందామా" అంది చిన్ని. "వద్దులే, ఎలా చేస్తారో తెలిసిందిగా" అన్నాను. నవ్వకు. నా స్వెటర్లు, నా హిందీ పరీక్షలు, నీ 'జమీల్యా', అన్నీ అక్కడే ఆగాయని నాకూ తెలుసు.

సరే, ఇక తప్పదు.

చిన్ని పుట్టిన చలికాలం గుర్తుందా? ఊళ్లో కాశ్మీరీవాళ్లు శాలువాలు తెచ్చారు, నువ్వు బేరమాడీ ఆడీ మెరూన్ రంగు ఊలు శాలువా ఒకటి కొన్నావు. ఒక్కసారైనా కప్పుకోకముందే, "పసిదానికి చలేస్తుంది, నీ దగ్గరుంచు" అని నాకిచ్చావు. పది రోజుల తర్వాత అది ఆటోలో మర్చిపోయానని చెప్పాను. నువ్వు నాతో ఆటో స్టాండంతా తిరిగావు. ఖాకీ చొక్కా, మీసాలు, ఎడమ చెవికి పోగు, అన్నీ నేనే అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. ఆ ఆటో అబ్బాయిని నువ్వు ఇరవయ్యేళ్లుగా తిడుతున్నావు. చలి మొదలవగానే తిడతావు. మొన్న డల్లాస్ నుంచి కూడా, "ఆ పోగువాడు కప్పుకుని ఉంటాడే" అన్నావు.

పోగువాడు లేడు వరా. ఆటోనే లేదు.

శాలువా మీద చిన్ని పాలు కక్కింది. వాసన పోవాలని బకెట్లో ఉడుకునీళ్లు పోసి, సబ్బు పొడి వేసి నానబెట్టి, బండ మీద బాదాను. తీసి చూస్తే చేతిలో ఏదో చిన్నది, మందంది. శాలువా ఎక్కడా అని బకెట్లో వెతికాను కూడా. అప్పటికి ఎనిమిదేళ్లుగా పిల్లలకి ఊలు గురించి పాఠం చెబుతున్నదాన్ని. అదే నాకు ఎక్కువ సిగ్గు. ఎవరైనా అడిగితే ఏమని చెప్పను? సైన్సు టీచరు శాలువాని ఉడకబెట్టిందనా? ఆటో అబ్బాయే నయమనిపించాడు.

పారేయడానికి మనసొప్పలేదు. రెండేళ్లు బీరువా అడుగున ఉంది. తర్వాత ఒకరోజు పళ్లెం బోర్లించి, చుట్టూ సుద్దతో గీసి, రెండు గుండ్రాలు కత్తిరించాను. ఒకటి మా ఇంట్లో కుక్కరు కింద ఉంది. రెండోది నీ కొత్త ఇంటి గృహప్రవేశానికి గిన్నెల సెట్టుతో పాటు ఇచ్చాను. "ఎంత మందంగా ఉందే, వేడి అసలు దిగట్లేదు, ఎక్కడ కొన్నావు" అన్నావు. సుల్తాన్ బజార్ అన్నాను. అంచు కుట్టకపోయినా ఒక్క దారమూ ఊడట్లేదని మీ ఆడపడుచుకి కూడా చూపించావు. అమెరికా పెట్టెలో చోటు లేదని రోలు వదిలేశావు, దాన్ని మాత్రం తీసుకెళ్లావు. పోయిన నెల వీడియోలో నీ మనవడు దాన్ని నెత్తిన పెట్టుకుని పరిగెడుతుంటే నువ్వు వెంటపడుతున్నావు. నేను ఫోను కట్ చేశాను. నెట్ పోయిందన్నాను.

ఇప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లి చూడు. వెలుతురులో పెట్టి అంచు దగ్గర జాగ్రత్తగా చూస్తే కాశ్మీరీవాడు కుట్టిన మామిడిపిందె తోక కనిపిస్తుంది, ముడుచుకుపోయి ఉంటుంది.

తిట్టేదేదో ఉత్తరంలోనే తిట్టు, ఫోనులో వద్దు, చిన్ని పక్కనుంటుంది. ఆ పోగువాణ్ణి మాత్రం ఇక వదిలెయ్.

నీ,
సరళ

తా.క.: మనవడు దాని మీద ఏమైనా ఒలకబోస్తే చన్నీళ్లతోనే ఉతుకు. ఇంకా చిన్నదైతే కుక్కరు పట్టదు.